ఏడో నంబర్ బోల్టు దొరకని ఊళ్ళో మూడు ముక్కల చక్రాలు

ఇదంతా తుమ్ములతో మొదలైంది. గుంటూరులో మా బావ వాళ్ళకి మిర్చి గోడౌన్ ఉంది. ఎప్పుడో ఎవరో బాకీ కింద వదిలేసిపోయిన సామానులో నాలుగు కారు చక్రాలున్నాయి, పాత ఇనుము కింద వేసేస్తున్నాం, పనికొస్తాయేమో వచ్చి చూసుకో బామ్మర్దీ అని ఫోన్ చేశాడు. వెళ్ళి గోనె పట్టా లాగానో లేదో ముక్కులోకి ఘాటు ఎక్కి పది నిమిషాలు ఒకటే తుమ్ములు. కళ్ళు తుడుచుకుని చూస్తే చక్రం అంచు లోపల చుట్టూరా బుల్లి బోల్టులు, లెక్కపెడితే 24. బేరం ఆడాలన్న సంగతి అక్కడే మర్చిపోయాను. బావే అయినా వ్యాపారం వ్యాపారమే కదా, నా మొహం చూసి 12 వేలు అన్నాడు, ఇచ్చేశాను.

తెలియనివాళ్ళకి చెప్తాను. మామూలు అలాయ్ వీల్ మొత్తం ఒకే పోత. ఇవి అలా కాదు, మూడు ముక్కలు. మధ్యలో చువ్వలుండే సెంటర్, బయటికి కనిపించే లిప్, బ్రేకుల వైపు ఉండే బ్యారెల్. మూడింటినీ ఆ బోల్టులే కలిపి పట్టుకుంటాయి, లోపల గాలి బయటికి పోకుండా అతుకు మీద సిలికాన్ ఉంటుంది. 1970ల మొదట్లో రేసు కార్ల కోసం వచ్చిన పద్ధతి ఇది. జపాన్‌లో ఎస్‌ఎస్‌ఆర్ వాళ్ళు, జర్మనీలో బీబీఎస్ వాళ్ళు అప్పట్లోనే చేయడం మొదలుపెట్టారు. బీబీఎస్ అంటే ఏదో ఇంజినీరింగ్ పేరనుకున్నాను చాలా కాలం. తీరా చూస్తే బామ్‌గార్ట్‌నర్, బ్రాండ్ అనే ఇద్దరి పేర్లు, వాళ్ళ ఊరు షిల్టాఖ్, అంతే, మన కిరాణా కొట్ల పేర్లలాగే. రేసులో అంచు వంగితే చక్రం మొత్తం పారేయకుండా ఆ లిప్ ఒక్కటీ మార్చుకోవచ్చు, వెడల్పు కావాలంటే ఇంకాస్త లోతు లిప్ బిగించుకోవచ్చు. లిప్ ఒక అంగుళం పెంచితే చక్రం వెడల్పు అంగుళం పెరుగుతుంది, ఆఫ్‌సెట్, అంటే చక్రం నడిమధ్య గీతకీ హబ్‌కి (చక్రం బిగించే కారు వైపు భాగానికి) ఆనుకునే చోటుకీ మధ్య దూరం, 12.7 మిల్లీమీటర్లు తగ్గుతుంది, ఎందుకంటే ఆ ఆనుకునే చోటు కదలదు, చక్రం నడిమధ్య గీత మాత్రం అరంగుళం బయటికి జరుగుతుంది. లిప్ పెంచేసి తర్వాత మడ్‌గార్డ్ సుత్తితో కొట్టించుకునే మిత్రులు ఈ లెక్క ముందే వేసుకుంటే బాగుంటుంది.

నావి 15 అంగుళాలవి. రెండు 7 అంగుళాల వెడల్పు, రెండు 8. వెనక వైపు జేడబ్ల్యూఎల్ అచ్చు, అంటే జపాన్ అలాయ్ చక్రాల ప్రమాణం గుర్తు, కనబడుతోంది గానీ కంపెనీ స్టిక్కరు ఎప్పుడో అరిగిపోయింది. పీసీడీ (నట్ల రంధ్రాల వలయం) కొలిస్తే 4×100, నాలుగు రంధ్రాలు, 100 మిల్లీమీటర్ల వలయం, అంటే నా పాత హోండా సిటీకి సరిగ్గా సరిపోయేదే. 1998లో మన దేశంలోకి వచ్చిన మొదటి తరం సిటీ నాది, 13 అంగుళాల రిమ్ములు, 175/70 టైర్లు. రోజువారీ తిరగడానికి వేరే బండి ఉంది. సిటీ ఆదివారం పొద్దున్నే మా బెజవాడ నుంచి బ్యారేజీ దాటి ఉండవల్లి దాకా వెళ్ళి టీ తాగి రావడానికి. ఆ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద టైర్ల గురించి రాసింది చదివి ఎవరూ రోజూ ఆఫీసుకెళ్ళే కారుకి ఈ పని చేయించుకోకూడదు.

ఆటోనగర్‌లో నేను ఎప్పుడూ వెళ్ళే పంక్చర్ షాపు ఒకటుంది. ఎక్కువగా లారీ టైర్లే చేస్తారు. అక్కడి బాబాయికి చక్రం చూపిస్తే చేయి కూడా వేయలేదు.

"ముక్కల రిమ్మా బాబూ? నేను ముట్టుకోను. రింగు ఎగిరిందంటే మనిషి దక్కడు."

ఆయన భయం ఊరికే కాదు. పాత లారీ ట్యూబ్ రిమ్ములు కూడా ముక్కలే, కానీ వాటిని పట్టి ఉంచేది బోల్టులు కాదు. పక్క రింగు, దాన్ని ఆపే లాక్ రింగు, ఆ లాక్ రింగు కూర్చునే గాడి, వీటన్నిటినీ బిగించి ఉంచేది లోపలి గాలి ఒత్తిడే. వంద పీఎస్ఐకి అటూ ఇటూ గాలి ఉన్నప్పుడు గాడిలో సరిగ్గా కూర్చోని రింగు ఎగిరిందంటే అది ఫిరంగి గుండే. అందుకే తెలిసినవాళ్ళు ఇనుప బోనులో పెట్టి గాలి కొడతారు, బోను లేకపోతే గొలుసు చుట్టి, రింగు తమ వైపు కాకుండా కిందికి తిప్పి కొడతారు. బాబాయి ఎడమ చేతి చిటికెన వేలు సగమే ఉంటుంది. ఎలా పోయిందని నేనెప్పుడూ అడగలేదు. నా చక్రాలకి బోల్టులున్నాయని, టైరులో గాలి ఉండగా ఈ బోల్టులు విప్పితే మాత్రం అదే ప్రమాదమని చెప్పాను. అరగంట అటూ ఇటూ తిప్పి చూసి, "నువ్వు బిగించి తీసుకురా, అప్పుడు చూద్దాం" అన్నాడు.

విప్పడానికే మూడు ఆదివారాలు పట్టింది. ఆ బోల్టుల తల పన్నెండు మూలలది, 10 నంబర్ సాకెట్ పడుతుంది. అల్యూమినియంలో ఉక్కు బోల్టు ఏళ్ళ తరబడి తేమలో ఉంటే రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లటి పొడి కడతాయి, సున్నం గట్టిపడినట్టు. ముందు రోజు రాత్రి నూనె కొట్టి వదిలేయడం, పొద్దున్నే హీట్ గన్‌తో చుట్టూ వేడి చేయడం, పావు చుట్టు విప్పడం, మళ్ళీ బిగించడం, మళ్ళీ కాస్త ఎక్కువ విప్పడం. వేడి తగిలినప్పుడల్లా బోల్టు రంధ్రాల్లోంచి మిర్చి ఘాటు. మా అమ్మ మేడ మీదికొచ్చి, "ఒరేయ్, ఎవరికి దిష్టి తీస్తున్నావురా" అంది. మొత్తం 96 బోల్టుల్లో 9 తలలు తెగిపోయాయి. మిగతావి బయటికొచ్చాయి గానీ వాటిని మళ్ళీ వాడే ధైర్యం నాకు లేదు.

అప్పుడు తెలిసింది అసలు కథ. అవి ఎం7 బోల్టులు, అంటే 7 మిల్లీమీటర్లు. ఆటోనగర్‌లో ఆరు షాపులు తిరిగాను, వన్‌టౌన్‌లో మూడు. లారీ ఇంజను మొత్తం విడిభాగాలుగా కొనుక్కోగలిగే చోట ఈ బోల్టు లేదు. "ఆరుంది, ఎనిమిదుంది. ఏడు రాదండి" అని ఒకాయన ఖరాఖండిగా చెప్పేశాడు, బస్సు నంబరు చెప్పినట్టు. ఇంకొకాయన రంధ్రాలు ఎనిమిదికి పెద్దవి చేయించుకోమన్నాడు. వినడానికి తేలికే, కానీ ఆ రంధ్రాలకీ సెంటర్ అంచుకీ మధ్య ఉండే లోహమే తక్కువ, దాన్ని ఇంకా తినేస్తే చువ్వల చివర్లు బలహీనపడతాయి. మరొకాయన స్టీలువి వేయి, తుప్పు పట్టవు, తళతళలాడతాయి అన్నాడు. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు బలం 10.9 గ్రేడు (గట్టి రకం) ఉక్కు బోల్టు కంటే బాగా తక్కువ. చివరికి బయటి దేశం నుంచి వంద బోల్టులు తెప్పించాను. ఖర్చు చెప్తే మా ఇంట్లో చదువుతారు, చెప్పను.

ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను. లిప్పుల మీద పాత వార్నిష్ పొర పోవాలి. నేనే ఎమరీ పేపర్‌తో గీకుదామనుకున్నవాడిని, బద్ధకించి, గేట్లకీ గ్రిల్స్‌కీ పౌడర్ కోటింగ్ చేసే ఒకచోట ఒక లిప్ ఇచ్చాను. అల్యూమినియం అన్నా, జాగ్రత్త అని రెండుసార్లు చెప్పాను. తెలుసులే అన్నాడు. ఇనుప గ్రిల్‌ని ముంచినట్టే వేడి కాస్టిక్ నీళ్ళలో ముంచేశాడు. ఇనుముకి ఏమీ కాదు, రంగు ఊడిపోతుంది. అల్యూమినియంని మాత్రం కాస్టిక్ సోడా తినేస్తుంది, బుసబుసా హైడ్రోజన్ బుడగలు వస్తూ లోహం కరిగిపోతుంది. సాయంత్రం వెళితే లిప్ బూడిద రంగులో, చేత్తో తడిమితే బండరాయిలా గరుగ్గా ఉంది. పైభాగం ఎలాగో రుద్ది నున్నగా చేసుకోవచ్చు. నాకు గుండె జారింది సెంటర్‌కి ఆనుకునే అంచు చూసినప్పుడు. చక్రం వంకర లేకుండా తిరగాలన్నా, గాలి నిలవాలన్నా ఆ అంచే ఆధారం, దాని నిండా సూదితో పొడిచినట్టు గుంటలు. డబ్బులు వద్దులే అన్నాడాయన, అదే నష్టపరిహారం అన్నట్టు.

ఆటోనగర్‌లో లేత్ పెట్టుకున్న ఒక పెద్దాయన దాన్ని కాపాడాడు, కాపాడాడంటే తొంభై శాతం. లిప్‌ని లేత్ మీద ఎక్కించి, డయల్ గేజ్ ముల్లు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతూ, ముల్లు కదిలిన చోటల్లా చాక్‌పీసుతో గీత పెట్టుకుంటూ గంటసేపు సరిచేస్తూనే ఉన్నాడు. ఒక్క మాట లేదు. తర్వాత ఉల్లిపొర మందాన తీసిన అల్యూమినియం తీగ చుట్టలు చుట్టలుగా కింద పడింది. ఇంకా లోపలికి వెళితే అంచు పల్చబడుతుందని రెండు మూడు లోతైన గుంటలు వదిలేశాడు. "సిలికాన్ పెట్టుకుంటావుగా, అది నింపుద్ది" అన్నాడు. ఆ గుంటల సంగతి మళ్ళీ వస్తుంది.

పాలిష్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, చేతులు నొప్పి పుట్టడం తప్ప. 220 నంబర్ ఎమరీతో మొదలుపెట్టి 400, 600, 800 అలా 2000 దాకా నీళ్ళు పోస్తూ రుద్దాలి, ఒక నంబర్ గీతలు పూర్తిగా పోయాకే తర్వాతిది పట్టాలి. తొందరపడి 400 ఎగ్గొడితే చివర్లో బఫ్ కొట్టాక ఆ గీతలు అద్దంలో వెంట్రుకల్లా కనిపిస్తాయి. అమ్మ చింతపండు ముద్ద తెచ్చిచ్చింది, ఇత్తడి బిందెలు దీనితోనే కదా మెరిసేవి అని. అల్యూమినియంతో మళ్ళీ ప్రయోగాలు చేసే ఓపిక లేక దండం పెట్టాను.

సిలికాన్ దగ్గర తప్పు ముమ్మాటికీ నాదే. మొదటి చక్రానికి హార్డ్‌వేర్ షాపులో అద్దాలకి వాడే ట్యూబు కొనుక్కొచ్చి వేశాను. మూత తీయగానే పాత పచ్చడి జాడీలా గుప్పున పుల్లటి వాసన, అప్పుడైనా ఆగాల్సింది. ఆ రకం ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది, వెనిగర్‌లో ఉండేదే అది, లోహానికి పడదు. రెండు వారాలకి అతుకు పక్కన మళ్ళీ తెల్లటి పొడి. 24 బోల్టులూ విప్పి, చాకుతో గీకి, మొదట్నుంచీ చేశాను. లోహానికి వాడాల్సింది న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉండే రకం, పుల్లటి వాసన రాదు. సిలికాన్ గాలిలో తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి ఆగస్టు బెజవాడ దీనికి బాగా పనికొచ్చింది. ఆ ఉక్కపోత వల్ల లాభపడ్డవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే అయ్యుంటాను. అయినా ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి.

బోల్టులు బిగించడానికి గాలి గన్ను దగ్గరికి కూడా రానివ్వకూడదు. సిటీకి చక్రం నట్టు బిగింపు 108 న్యూటన్ మీటర్లు. ఈ బుల్లి బోల్టులకి, నాకు అమ్మినవాళ్ళిచ్చిన అంకె 20. చేత్తో తిప్పి, ఎదురెదురు బోల్టులు పట్టుకుంటూ మొదటి చుట్టు 8, రెండో చుట్టు 14, మూడో చుట్టు 20. నాలుగు చక్రాలకి 288 సార్లు టార్క్ రెంచ్ టక్ మంది. మధ్యలో ఫోన్ వస్తే ఎక్కడున్నానో మర్చిపోతానని బిగించిన ప్రతి తల మీదా మార్కర్‌తో చుక్క పెట్టాను. ఆ చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి, తుడవబుద్ధి కాలేదు.

ఇక టైర్లు. 175/70 ఆర్13 టైరు ఎత్తు 575 మిల్లీమీటర్లు, 195/50 ఆర్15 ఎత్తు 576. స్పీడోమీటర్ తేడా రాదు, అందుకే నాలుగింటికీ అదే సైజు. కానీ ఆ టైరుకి ఒప్పుకునే రిమ్ము వెడల్పు 5.5 నుంచి 7 అంగుళాలు. ముందు చక్రాలు 7, కాబట్టి చివరి అంచున ఉన్నా లెక్కలోనే ఉన్నాయి. వెనకవి 8. అదే స్ట్రెచ్ అంటే, టైరుని దాని హద్దు దాటి పక్కలకి సాగదీయడం. ఒకే టైరు రెండు వెడల్పుల మీద పక్కపక్కన చూడటం నాకూ ఇదే మొదటిసారి. ముందుది కాస్త గుంజినట్టుంటుంది అంతే. వెనకది పక్కగోడ లోపలికి వాలిపోయి, లిప్ మొత్తం బయటికొచ్చి పళ్ళెంలా మెరుస్తుంది. అందం అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది. మామూలుగా టైరు కండ కొంచెం బయటికి ఉబ్బి ఉంటుంది, ఫుట్‌పాత్ రాయి తగిలితే ముందు రబ్బరు తగులుతుంది. ఇక్కడ ముందు తగిలేది నేను మూడు వారాలు రుద్దిన లిప్పే. గుంతలో పడ్డప్పుడు వంగి మెత్తగా తీసుకోవాల్సిన పక్కగోడ అప్పటికే బిగుసుకుని ఉంటుంది. గాలి తగ్గి, మలుపులో గట్టిగా తిప్పితే బీడు, అంటే రిమ్ముని పట్టుకునే టైరు లోపలి అంచు, రిమ్ము మీంచి జారే అవకాశం ఎక్కువ. టైరు మీద 82 అని ఉంటే 475 కిలోలు మోస్తుందని అర్థం, కానీ ఆ మాట ఒప్పుకున్న వెడల్పులో ఉన్నప్పటికే. హద్దు దాటాక కంపెనీ పూచీ ఏమీ లేదు. 195ని 9 అంగుళాల మీద, 165ని 8 అంగుళాల మీద వేసుకునేవాళ్ళున్నారు. ఫొటోలు నేనూ చూస్తాను, బాగానే ఉంటాయి. మన రోడ్ల మీద, పైగా ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని? నాకు తెలివితక్కువ పనిగానే కనిపిస్తుంది. వెనక సీటు ఖాళీగా ఉండే ఆదివారం బండికి ఒక అంగుళం, అదే నేను గీసుకున్న గీత. అది కూడా తప్పే అనేవాళ్ళతో నేను వాదించను.

ముందు రెండూ బాబాయి ఐదు నిమిషాల్లో ఎక్కించేశాడు. వెనకవి పెట్టగానే, "ఇది ఈ రిమ్ము టైరు కాదు బాబూ, పెద్దది పట్రా" అన్నాడు. కావాలనే ఇలా అంటే నా వైపు జాలిగా చూశాడు. చిక్కేమిటంటే రెండు బీడులూ రిమ్ము గోడలకి దూరంగా ఉండిపోతాయి, గాలి కొడితే కొట్టినంతా సందుల్లోంచి బుస్సుమని పోతుంది. షాపులో కుర్రాడు, అన్నా, స్ప్రే కొట్టి అగ్గిపుల్ల గీస్తే ఠపీమని ఎక్కుద్ది, వీడియోలో చూశా అన్నాడు. బాబాయి వాడి నెత్తి మీద ఒకటిచ్చి, "వీడియోలో పోయిన వేళ్ళు చూపిస్తార్రా?" అన్నాడు. నాకు తెలియకుండానే ఆయన ఎడమ చేతి వైపు చూశాను.

ఆయన పద్ధతి వేరు. టైర్లని మధ్యాహ్నం దాకా ఎండలో పడేశాడు, రబ్బరు మెత్తబడింది. బీడుకీ రిమ్ముకీ సబ్బు నీళ్ళు బాగా పట్టించి, లారీ లోడు కట్టే బెల్టు ఒకటి టైరు నడుము చుట్టూ వేసి బిగించాడు. నడుము నొక్కుకుపోయేసరికి పక్కగోడలు రెండూ బయటికి తోసుకొచ్చాయి. వాల్వ్ లోపలి పిన్ను తీసేసి, కంప్రెసర్ ట్యాంకు నిండా నింపుకుని, గొట్టం పెట్టి ఒక్కసారిగా వదిలాడు. బుస్సుమంది, సబ్బు నురగ ఎగిరింది, బీడు పట్టింది. వెంటనే బెల్టు వదులు చేశాడు. గేజ్ చూస్తూ 20, 25. ఠప్, ఒక వైపు కూర్చుంది. 30 దాటాక రెండో ఠప్. 40 దాటి ఒక్క పాయింటు కూడా కొట్టనని ముందే చెప్పాడు, అప్పటికీ ఎక్కకపోతే గాలి తీసి మళ్ళీ సబ్బు రాయాలే తప్ప ఇంకా కొట్టుకుంటూ పోకూడదు. ఆ సేపంతా కుర్రాణ్ణీ నన్నూ పక్కకి నిలబడమన్నాడు, టైరుకి ఎదురుగా ఎవరూ ఉండకూడదని.

బిగించేటప్పుడు ఇంకో రెండు చిన్న విషయాలు. సిటీ హబ్ 56.1 మిల్లీమీటర్లు, ఈ చక్రాల మధ్య రంధ్రం 73. లేత్ పెద్దాయన చేతే మధ్యలో పట్టే రింగులు తీయించాను, లేకపోతే చక్రం సరిగ్గా నడిమధ్య కూర్చోక స్టీరింగ్ వణుకుతుంది. హోండా సొంత అలాయ్ నట్ల అడుగు గుండ్రంగా ఉంటుంది, ఇలాంటి చక్రాలకి కోసుగా ఉండే నట్లు కావాలి. పాతవే బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, ఆనేది మాత్రం సన్నటి గీత మీద. ఇది చాలామంది పట్టించుకోరు, చక్రం వదులైపోయాక గానీ తెలియదు.

చట్టం సంగతి కూడా అడుగుతారు కాబట్టి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పాత రిమ్ములు, పాత టైర్లు నాలుగూ షెడ్డులో జాగ్రత్తగా ఉన్నాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఏమంటారో మీ పాలసీలో చదువుకోండి.

ఇప్పటికి రెండు నెలలైంది. గాలి వెనక 36, ముందు 32 పీఎస్ఐ పెడుతున్నాను. బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ మీద ప్రతి అతుకూ నడుముకి చెప్పి మరీ పోతుంది. మూడు చక్రాలు పెట్టిన గాలి పెట్టినట్టే ఉన్నాయి. నాలుగోది, ఎడమ వెనకది, వారానికి 2 తగ్గుతోంది. నిన్న విప్పి బాబాయి నీళ్ళ తొట్టెలో ముంచితే వాల్వ్ దగ్గర ఏమీ లేదు, బీడు దగ్గర ఏమీ లేదు. చాలాసేపు చూశాక ఒక బోల్టు తల పక్క నుంచి ఆవగింజంత బుడగ మెల్లగా ఊరి పైకొచ్చింది, కాసేపటికి ఇంకొకటి. కాస్టిక్‌లో మునిగిన లిప్ అది, లేత్ పెద్దాయన వదిలేసిన గుంటల దగ్గరే. మార్కర్ చుక్క మీంచి ఆ బుడగ జారుతుంటే బాబాయి నవ్వాడు. వచ్చే ఆదివారం మళ్ళీ 24 బోల్టులు విప్పాలి, సిలికాన్ ట్యూబు సగం మిగిలే ఉంది.